అన్నదానం సరే, రేపటి మాటేమిటి?

హైదరాబాద్‌లో ఆదివారం మధ్యాహ్నం పెద్ద సర్కారు ఆసుపత్రుల గేట్ల దగ్గర తిండికి కరువుండదు. ఒక కారు డిక్కీలోంచి వెజ్ బిర్యానీ ప్యాకెట్లు దిగుతాయి. ఆ వెనకే ఆటోలో పులిహోర గిన్నె వస్తుంది. ఎవరిదో పుట్టినరోజని అరటిపండ్లు, ఇంకెవరి తల్లి సంవత్సరీకమో అని సాంబారన్నం. గురువారాలు సాయిబాబా గుళ్ల దగ్గర, శనివారాలు ఆంజనేయస్వామి గుళ్ల దగ్గర, రంజాన్ నెలలో సాయంత్రం పూట మసీదుల దగ్గర ఇదే సందడి. పెట్టే చెయ్యి ఈ ఊళ్లో తక్కువేం కాదు. చిక్కల్లా, ఏ రోజు పెట్టాలో తేల్చేది పెట్టేవారి క్యాలెండరు కావడమే. సెలవు, పండగ, పెళ్లిరోజు, తద్దినం. తినేవారి కడుపుకు ఈ తేదీలు తెలియవు. వాన పడుతున్న ఓ మంగళవారం రాత్రి తొమ్మిదింటికి అదే ఫుట్‌పాత్ మీద అదే మనిషికి ఏం దొరుకుతుందన్న ప్రశ్న మన దానధర్మాల లెక్కలోకి రావడం లేదు. ఇళ్లు లేనివారికి అన్నం పెట్టడానికి ముందుకొచ్చేవారు, ముఖ్యంగా కుర్రకారు, బాగానే ఉన్నారు. సంతోషమే. అయితే వాళ్లు ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికంటే విలువైనది చెప్పిన రోజున, చెప్పిన వేళకు, చెప్పిన చోటికి మళ్లీ రావడమని నా వాదన. అన్నం దాని తర్వాతే.

ముందు ఈ మనుషులెవరో చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఇళ్లు లేనివారిని ఫిబ్రవరి 28న, ఒకే ఒక్క రాత్రిలో తిరిగి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. అందులో పట్టణాల్లోనివారు 9.4 లక్షలు. ఫ్లైఓవర్ల కింద, మూసిన దుకాణాల మెట్ల మీద, బస్టాండు మూలల్లో ముసుగు తన్ని పడుకున్నవారిని ఒక్క రాత్రిలో లెక్కతేల్చడం ఎంత కష్టమో ఊహిస్తే, అసలు సంఖ్య అంతకంటే ఎక్కువేనని అనుకోవాలి. ఆ తర్వాత పదేళ్లకు రావాల్సిన లెక్కలు వేళకు జరగనే లేదు. వీళ్లందరినీ కలిపి బిచ్చగాళ్లు అనేయడం మనకు అలవాటు. నిజానికి ఆ వరసలో పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీ ఉంటాడు, చెత్తకుప్పల్లో ప్లాస్టిక్ ఏరుకునే ఆమె ఉంటుంది, మార్కెట్లో మూటలు మోసే హమాలీ ఉంటాడు, ఫంక్షన్ హాళ్లలో వడ్డనకూ గిన్నెలు తోమడానికీ పోయే కుర్రాడు ఉంటాడు. ఆసుపత్రి గేటు దగ్గరైతే రోగి వెంట వచ్చిన బంధువులు చాలామంది కనిపిస్తారు. పాలమూరు నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి ఉంటారు. వార్డులో తోడుకు ఒక్కరికే చోటుంటే మిగతావారు బయట చాప పరుచుకుంటారు. వీళ్లకు ఊళ్లో ఇల్లుంది, ఇక్కడ లేదు. ఇంట్లోవాళ్లు వదిలేసిన ముసలివారు, మతి చలించి తిరిగేవారు, తాగుడుకు బతుకు పోగొట్టుకున్నవారు వేరు.

ఇంతమందిలో ఒక్కొక్కరిది ఒక్కో కష్టం. అందరికీ ఉమ్మడిగా లేనిది మాత్రం పొయ్యి. రేషన్ కార్డుంటే తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం వస్తాయి. 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. పొయ్యి, గిన్నె, బియ్యం దాచుకునే డబ్బా లేనివాడు ఆ ఆరు కిలోలను ఏం చేసుకుంటాడు? పొద్దుటి టీ దగ్గర్నుంచి రాత్రి ముద్ద దాకా అతను ప్రతిదీ కొనుక్కోవాల్సిందే. గుడిసెలో ఉన్న పేదవాడు పచ్చిమిరపకాయ, ఉల్లిపాయతో సద్దన్నం తిని ఒక పూట గడుపుకోగలడు. ఫుట్‌పాత్ మీది మనిషికి ఆ వెసులుబాటు కూడా లేదు. కూలి దొరకని రోజు ఇద్దరూ బీదవాళ్లే, కానీ రెండోవాడికి ఆ పూటే ఆకలి మొదలవుతుంది. అందుకే వండిన అన్నం పెట్టడం అన్న ఆలోచన సరైనదే. బియ్యం మూటలో, దుప్పట్లో, డబ్బులో ఇస్తే చాలదా అనేవారికి ఇదే జవాబు.

ఈ అవసరాన్ని సర్కారు గుర్తించనే లేదనడం అన్యాయం. 2014 మార్చిలో హైదరాబాద్ నగరపాలక సంస్థ హరేకృష్ణ మూవ్‌మెంట్ ఫౌండేషన్‌తో కలిసి నాంపల్లి సరాయి దగ్గర అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. అన్నపూర్ణ పేరుతో ఊరంతా విస్తరించిన ఆ కేంద్రాలు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లయ్యాయి. పేరు మార్పు మీద పార్టీలు పడ్డ గొడవలో పదో వంతు వడ్డించే వేళల మీద పడి ఉంటే బాగుండేది. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో అయిదు రూపాయలకే టిఫిన్ కూడా వచ్చింది. భోజనానికి అయ్యే ఖర్చు సుమారు 30 రూపాయలు, తినేవాడు ఇచ్చేది 5, మిగతా 25 కార్పొరేషన్ భరిస్తోంది. 2022 మేలో నగరంలోని 18 సర్కారు ఆసుపత్రుల్లో రోగుల వెంట వచ్చినవారికి అయిదు రూపాయల భోజనం మూడు పూటలా పెట్టే పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 జూలైలో పుట్టిన అన్న క్యాంటీన్లు 2019లో సర్కారు మారగానే మూతపడి, 2024 ఆగస్టులో గుడివాడతో మళ్లీ తెరుచుకున్నాయి. ఈ క్యాంటీన్ల గొప్పతనం రుచిలో లేదు. ఫలానా చోట, ఫలానా వేళకు, అయిదు రూపాయలుంటే అన్నం ఖాయం అన్న భరోసాలో ఉంది. అయితే హైదరాబాద్ ఇందిరమ్మ క్యాంటీన్లలో ఉన్నది టిఫిన్, మధ్యాహ్న భోజనమే, రాత్రి లేదు. టిఫిన్ మెనూ సోమవారం నుంచి శనివారం దాకానే. నాలుగు వీధుల అవతల ఉన్న క్యాంటీన్ నడవలేని ముసలమ్మకు లేనట్టే. స్వచ్ఛంద సేవకులు పూరించాల్సిన ఖాళీలు ఇవి. ఆదివారం వచ్చేవారిని అందుకే నేను తప్పుపట్టను. నాలుగు బృందాలు ఒకే గేటు దగ్గరికి ఒంటిగంటకే రావడం, ఎనిమిదిన్నరకు ఒక్కటీ రాకపోవడమే తప్పు.

నిలకడ అంటే క్రమశిక్షణ గురించి నీతులు చెప్పడం కాదు, అందులో లెక్క ఉంది. రోజుకు అయిదారు వందలు సంపాదించే అడ్డా కూలీని తీసుకోండి. రాత్రి భోజనానికి 70, 80 రూపాయలు పక్కన పెట్టుకోక తప్పదు. ఎవరో ఒకరోజు బిర్యానీ పెడితే ఆ రోజుకు కడుపు నిండుతుంది. కానీ రేపు పెడతారో లేదో తెలియదు కాబట్టి రేపటి డబ్బు జేబులో ఉంచుకోవాల్సిందే. ఎప్పుడొస్తుందో తెలియని అన్నం అతని బడ్జెట్‌లో చేరదు. అదే ఎనిమిదిన్నరకు ఫలానా ఫ్లైఓవర్ కింద అన్నం ఖాయమని తెలిస్తే నెలకు రెండు వేలకు పైగా మిగులుతుంది. అది ఊరికి పంపొచ్చు, నలుగురు కలిసి గది అద్దెకు తీసుకోవడానికి కూడబెట్టొచ్చు, ఒంట్లో బాగాలేని రోజు పనికి పోకుండా పడుకోవచ్చు. పెట్టిన అన్నం పరిమాణం ఒకటే అయినా, ముందే తెలిసిన అన్నానికీ తెలియని అన్నానికీ ఇంత తేడా ఉంది. ఈ సంగతి తెలుగునాట తెలియనిదేం కాదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) పేరు నిలిచిపోయింది ఏ ఒక్క పండక్కో వేలమందికి పెట్టినందుకు కాదు, బాటసారి ఏ వేళ వచ్చి ఆ గడప తొక్కినా అన్నం ఉంటుందని అందరికీ తెలిసినందుకు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టడంలో ఔచిత్యం ఉంది, ఎందుకంటే అదీ రోజూ జరిగే వంటే. తిరుమలలో 1985 ఏప్రిల్ 6న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన అన్నదానం ఇంకా తెలివైన ఏర్పాటు. భక్తులు ఇచ్చిన విరాళాలతో నిధి ఏర్పడింది, ఆ ఆదాయంతో రోజూ పొయ్యి వెలుగుతుంది. దాత తన పేరిట ఒక రోజు కోరుకోవచ్చు, ఆ రోజు అతని పేరు బోర్డు మీదికి ఎక్కుతుంది. అంటే పుట్టినరోజు ముచ్చట దాతకు తీరుతుంది, దాని కోసం తినేవాడి భోజనం వేళ మాత్రం మారదు.

మన నగర అన్నదానంలో రెండో పెద్ద భాగం ఫంక్షన్ హాళ్లలో మిగిలిన తిండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు, అంటే వినియోగదారుల దాకా వచ్చినదాంట్లో 19 శాతం. ఒక పక్క పారబోత, ఒక పక్క ఆకలి, రెంటినీ కలిపితే సరిపోదా అనిపించడం సహజం. కలపాల్సిందే, పారేయడం పాపమే. కానీ రెండూ రెండు వేర్వేరు సమస్యలని మరచిపోకూడదు. పెళ్లి భోజనం మిగలడం ముహూర్తాల్ని బట్టి ఉంటుంది. మాఘ ఫాల్గుణాల్లో, శ్రావణంలో రాత్రి పదకొండు దాటాక గంగాళాలకు గంగాళాలు మిగులుతాయి. మూఢం వచ్చిందా, ఆషాఢం వచ్చిందా, హాళ్లు మూతపడతాయి. అప్పుడే ఆ హాళ్లలో వడ్డనకు పోయే కుర్రాడికి పనీ పోతుంది. సరిగ్గా అతనికి అన్నం కావాల్సిన నెలలోనే మిగులు అన్నం మాయమవుతుంది. కాబట్టి మిగులు మీద ఆధారపడ్డ సేవ అదనపు సేవగా ఉండాలి. దాన్నే అసలుగా పెట్టుకుంటే పంచాంగం చూసి ఆకలి తీర్చినట్టవుతుంది.

ఇక ఆ అన్నం ప్యాకెట్‌ను కొంచెం దగ్గరగా చూడండి. పన్నెండింటికి వేడివేడి అన్నంలో సాంబారు కలిపి, పల్చటి కవర్లో పోసి, రబ్బరు బ్యాండు వేస్తారు. లోపలి ఆవిరి నీరుగా మారి కవరు గోడలకు పడుతుంది. ఒంటిగంటకు తింటే అమృతమే. కానీ తీసుకున్నవాళ్లలో చాలామంది అప్పుడు తినరు. రాత్రికి ఉంటుందో లేదో అన్న భయంతో తలగడ కింది మూటలోనో, చేతి సంచిలోనో దాచుకుంటారు. సాయంత్రం అయిదింటికి కవరు విప్పితే పులిసిన వాసన. వండిన అన్నం ఎక్కువసేపు బయట ఉంటే అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇల్లున్నవాడు ఇంట్లో పడుకుంటాడు. ఫుట్‌పాత్ మీద మరుగుదొడ్డి లేదు, పొద్దున్నే కూలి పోతుంది. మన అమ్మమ్మలు ప్రయాణానికి పులిహోర ఎందుకు కట్టారో తెలిసినవారు కూడా ఎండాకాలంలో కొబ్బరి కూరలు కట్టి పంచుతుంటారు. మిగులు ఆహారాన్ని సేకరించి పంచేవారి కోసం ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లోనే ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఆసక్తి ఉన్న బృందాలు వాటిని ఒక్కసారి చదువుకుంటే మేలు. అసలు విరుగుడు మాత్రం నిబంధనల్లో లేదు. రాత్రి అన్నం ఖాయమైతే మధ్యాహ్నపు అన్నాన్ని ఎవరూ దాచుకోరు. కూర్చోబెట్టి, పళ్లెంలో వడ్డించి, అక్కడే తిననిస్తే పాచి సమస్యలో ముప్పాతిక తీరుతుంది. పళ్లు లేని ముసలాయనకు అన్నం మెత్తగా కలపాలని, షుగర్ ఉన్నామెకు స్వీటు డబ్బా పనికిరాదని, చేతులు కడుక్కోవడానికి ఒక డ్రమ్ము నీళ్లు కావాలని కూడా వడ్డించేవారికే తెలుస్తుంది. డిక్కీలోంచి ప్యాకెట్ అందించి పోయేవారికి తెలియదు.

అన్నం ద్వారా జరిగే మిగతా పనులన్నీ ఈ పరిచయం మీదే ఆధారపడి ఉన్నాయి. ఉదాహరణకు మానసిక వ్యాధితో వీధుల్లో తిరిగే మనిషి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలాంటివారిని రక్షణలోకి తీసుకుని ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చడం స్థానిక పోలీసు స్టేషన్ అధికారి బాధ్యత. కానీ పొద్దున ఒక చోట, రాత్రి ఒక చోట ఉండే మనిషి గురించి స్టేషన్‌కు చెప్పేదెవరు? అతను ఎప్పుడు ఎక్కడుంటాడో, ఏ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడో, ఏ ఊరి మాట ఎత్తితే మొహం మారుతుందో తెలిసినవారు కావాలి. అలా తెలియాలంటే నాలుగైదు వారాలు ఒకే మనిషి వెళ్లి అతనికి వడ్డించాలి. ఇల్లు లేనివారితో సహా ముసలివారందరి కోసం 14567 ఎల్డర్ లైన్ ఉంది. ఓటరు జాబితాలో పేరు కోసం ఇల్లు లేనివారు చిరునామా పత్రం చూపక్కర్లేదని, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి వాళ్లు అక్కడే పడుకుంటున్నారో లేదో చూసి నిర్ధారించుకోవాలని ఎన్నికల సంఘం ఏర్పాటు చేసింది. క్షయ రోగులకు చికిత్స నడిచినన్నాళ్లూ పోషణ కోసం 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్నారు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఫుట్‌పాత్‌కూ ఆ కాగితానికీ మధ్య నడిచే మనిషే లేడు. ఆ మనిషి కాగలిగినవాడు వారం వారం వచ్చే స్వచ్ఛంద సేవకుడు. మొదటి వారం ఎవరూ నిజం చెప్పరు. పేరు అడిగితే ఏదో ఒక పేరు చెబుతారు, ఊరు అడిగితే మాట మారుస్తారు. అడిగినవాడు పోలీసో, ఆక్రమణలు తొలగించేవాడో, ఇంకేమో వాళ్లకేం తెలుసు? మళ్లీ వచ్చినవాడికే మెల్లగా అసలు మాట చెబుతారు.

ఫొటోల సంగతీ ఇక్కడే చెప్పాలి. ప్యాకెట్ అందిస్తూ దిగిన ఫొటో దాతకు ఉత్సాహం, పదిమందికి స్ఫూర్తి అంటారు. కొంత నిజమే. కానీ ఆ ఫొటోలో రెండో మనిషి కూడా ఉన్నాడు. పట్నంలో పని చేసుకుంటున్నానని ఊళ్లో చెప్పుకున్నవాడు, కోడలితో పడక బయటికొచ్చి బంధువుల కంట పడకుండా బతుకుతున్న ముసలమ్మ, ఆ ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి వాళ్ల ఊరి గ్రూపులోకి చేరడం ఎంతసేపు? వడ్డించే గిన్నెనో, కడుగుతున్న పళ్లేలనో ఫొటో తీస్తే స్ఫూర్తికేం లోటు రాదు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది అందరికీ తెలిసిందే. ఊరికే పెడితే సోమరులవుతారు, బిచ్చమెత్తడం అలవాటవుతుంది. ఇది టీకొట్టు దగ్గరి మాట మాత్రమే కాదు. 2025 ఫిబ్రవరిలో పట్టణాల్లో ఇళ్లు లేనివారి ఆశ్రయాల కేసు విచారిస్తూనే సుప్రీంకోర్టు ధర్మాసనం ఉచితాల వల్ల జనం పనికి రావడం లేదని వ్యాఖ్యానించింది. అత్యున్నత న్యాయస్థానం మాటకు గౌరవం ఉంచుతూనే అడగాలి, ఈ మాట ఎవరి గురించి? ఫుట్‌పాత్ మీద పడుకున్నవారిలో పనిచేయగలిగినవారు ఎక్కువమంది పని చేస్తూనే ఉన్నారు. పని చేయలేనివారిని, అంటే ముసలివారిని, రోగుల్ని, మతి తప్పినవారిని, ఆకలితో మాడ్చినంత మాత్రాన పని చేయించలేం. పులిహోర ప్యాకెట్ కోసం ఎవరూ ఫుట్‌పాత్ మీద కాపురం పెట్టరు. బిచ్చాన్ని నిషేధంతో ఆపడం కూడా చూశాం. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్ పోలీసులు రెండు నెలలు యాచన నిషేధించి, దొరికినవారిని జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. అతిథులు వెళ్లిపోయాక కూడళ్లు మళ్లీ మామూలే. మరుసటి ఏడాదే ఢిల్లీ హైకోర్టు అక్కడ యాచనను నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. ఈ అభ్యంతరంలో ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఎప్పుడు ఎక్కడ పెడతారో తెలియని దానం మనిషిని రోజంతా గుడి నుంచి గుడికి, గేటు నుంచి గేటుకు తిప్పుతుంది. పని మానుకుని తిరిగితేనే తిండి దొరుకుతుందంటే ఎవరైనా తిరుగుతారు. వేళ ఖాయమైతే ఆ తిరుగుడు తప్పుతుంది, పగలంతా పనికి మిగులుతుంది. అంటే సోమరితనం గురించి బెంగపడేవారు నిలకడైన అన్నదానాన్నే కోరుకోవాలి.

రెండోది, ఇదంతా సర్కారు పని, మనం పెడుతూ పోతే వాళ్లు చేతులు దులుపుకుంటారు. మొదటి సగం నిజం. సుప్రీంకోర్టు ఆదేశాలు, 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ప్రకారం పట్టణ జనాభా లక్షకు కనీసం వంద మంది పట్టే ఒక శాశ్వత ఆశ్రయం ఉండాలి. 2011 లెక్కల్లోనే గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు. అంటే ఆనాటి జనానికే 67 ఆశ్రయాలు కావాలి. ఈనాటికీ నగరం ఆ సంఖ్యకు చాలా దూరంలో ఉంది. కానీ సేవకులు తప్పుకుంటే సర్కారు కదులుతుందనడానికి ఆధారం ఏమీ కనబడదు. ఇంకోలా ఆలోచించండి. వారానికొక్కసారి ఒకే చోట వడ్డించే బృందానికి ఆ చోట ఎంతమంది పడుకుంటారో, అందులో ఆడవాళ్లెందరో, దగ్గర్లోని ఆశ్రయానికి ఎందుకు పోవడం లేదో తెలుస్తుంది. తాళం వేసి ఉందా, దుప్పట్లలో నల్లులా, గుర్తింపు కార్డు అడుగుతున్నారా, భార్యాభర్తల్ని విడదీస్తున్నారా? పదేళ్లకోసారి కూడా లెక్క తేలని నగరంలో ఈ సమాచారం కమిషనర్ బల్ల మీద పెట్టగలిగితే అది పది ధర్నాలకు సమానం. పుట్టినరోజు నాడు ఒక్కసారి వచ్చిపోయేవారి దగ్గర ఈ సమాచారం ఉండదు.

ఏమీ పెట్టకపోవడం కంటే ఒక్కరోజైనా పెట్టడం నయం కాదా అని మూడోవారు అడుగుతారు. నిజంగా ఎవరూ రాని చోట, ఎవరూ రాని వేళ అయితే నయమే, ఒక్కరోజైనా వెళ్లండి. నాలుగు బండ్లు ఆగిన గేటు దగ్గర అయిదో బండి ప్యాకెట్లు మాత్రం చెత్తకుండీలోకి పోతాయి, తెల్లవారి ఎత్తేది పారిశుద్ధ్య కార్మికురాలు. ఒక్కరోజే చేయగలిగినవారికి ఇంకో దారి ఉంది. రోజూ జరిగే దాంట్లో తమ ఒక్కరోజును కలపడం. అన్న క్యాంటీన్లు మళ్లీ తెరిచినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు వాటికే విరాళమివ్వమని పిలుపునిచ్చింది. ఏ పార్టీ పేరుతో నడిచినా సరే, క్యాంటీన్‌కు ఇచ్చిన రూపాయి రేపు కూడా అన్నమవుతుంది.

నాలుగోది నిజాయితీగల అభ్యంతరం. ఉద్యోగాలు, పిల్లలు, ట్రాఫిక్, ప్రతి వారం రావడం మా వల్ల అవుతుందా? ఒక్కరి వల్ల కాదు, ముప్పై మంది వల్ల అవుతుంది. ముప్పై ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌ను తీసుకోండి. ఒక్కో ఇంటికి నెలకు ఒక రాత్రి. కార్పొరేషన్ లెక్క ప్రకారమే భోజనానికి 30 రూపాయలనుకుంటే నలభై మందికి రాత్రికి 1,200. నెలంతా కలిపి 36,000, ఇంటికి పడేది 1,200. ఈ రోజుల్లో పిల్లవాడి పుట్టినరోజు కేకు, బెలూన్లకే అంతకంటే ఎక్కువవుతుంది. వంట తమ ఇంట్లోనే చేయాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. మంచి కర్రీ పాయింట్‌తో నెలకు మాట్లాడుకోవచ్చు, వడ్డనకు మాత్రం ఆ ఇళ్లవాళ్లే వెళ్లాలి. ఇది ఊహ కాదనడానికి నగరంలోనే ఉదాహరణలున్నాయి. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద అజహర్ మక్సూసీ 2012 నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు, మతం, కులం, కార్డు ఏదీ అడగకుండా. ఒక మనిషి పట్టుదలతో మొదలైనా, అది నిలిచింది వేళ తప్పకపోవడం వల్ల. 2014లో ఢిల్లీలో పుట్టిన రాబిన్‌హుడ్ ఆర్మీ డబ్బు విరాళాలు తీసుకోదు, సభ్యుల నుంచి సమయం మాత్రమే అడుగుతుంది. ఆ ఒక్క నియమంతోనే హైదరాబాద్‌తో సహా ఎన్నో నగరాలకు విస్తరించింది.

వీధుల్లోనే వడ్డిస్తే వీధుల్లోనే ఉండిపోతారు, చుట్టుపక్కల దుకాణాలవాళ్లకు విస్తళ్ల కంపు అనేవారికి చెప్పాల్సింది ఒక్కటే. వడ్డించే చోటును మార్చవచ్చు. రాత్రి ఆశ్రయం వరండాలోనే భోజనం పెడితే ఆశ్రయం గడప తొక్కడానికి జంకేవారు అన్నం కోసమైనా లోపలికి వస్తారు, తిన్నాక చలిలో తిరిగి వెళ్లడం కంటే అక్కడే పడుకోవడం నయమనుకునేవారూ ఉంటారు. శుభ్రత సంగతి, రేపు మళ్లీ అక్కడికే రావాల్సినవాడు ఇవాళ చెత్త వదిలి పోడు.

ఇందులో నగరపాలక సంస్థ చేయాల్సిన పని ఖర్చులేనిది. క్యాంటీన్లు, ఆశ్రయాలు, ఆసుపత్రి గేట్ల జాబితా ఒకటి తయారుచేసి, ఒక్కోదాని ఎదుట వారంలోని ఏడు రాత్రులు రాసి, ఏ రాత్రి ఏ బృందం ఒప్పుకుందో అందరికీ కనబడేలా పెట్టాలి. సర్కిల్ ఆఫీసులో ఒక బోర్డు, ఫోన్‌లో ఒక పేజీ చాలు. కొత్తగా అన్నం పెట్టాలనుకునేవారు ముందు ఆ జాబితా చూసుకుని ఎవరూ ఒప్పుకోని రాత్రిని తీసుకోవాలి, కనీసం మూడు నెలలకు మాట ఇవ్వాలి, రాలేని రోజు ఎవరొస్తారో ముందే చెప్పాలి. ఆదివారం గడులు ఒక్క పూటలో నిండిపోతాయి, దాని గురించి దిగులక్కర్లేదు. మిగిలిపోయేవి సోమవారం నుంచి గురువారం దాకా రాత్రులు, అందులోనూ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. ఈ ఏడాది పుట్టినరోజు ఏ వారంలో వచ్చినా సరే, ముందు ఆ గడుల్లో పేరు రాయించుకోండి.